ప్రమాదం, పరిహారం, శ్రమ: అతిశ్రమ గాయాన్ని చెప్పే భాష - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పనిలో ఒక్కసారిగా తగిలే దెబ్బను గుర్తించినంత సులువుగా, మోతాదు మించిన శ్రమ వల్ల దేహం లోపల కలిగే గాయాన్ని మన భాష గాని, చట్టం గాని గుర్తించవు. 'ప్రమాదం', 'పరిహారం' అనే పదాల అర్థాలను, శ్రీశ్రీ 'ప్రతిజ్ఞ' గేయాన్ని ఆధారం చేసుకొని ఈ లోపాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అతిశ్రమ, ప్రమాదం, పరిహారం, హమాలీ, ప్రతిజ్ఞ, వృత్తిపదాలు.

1. ప్రవేశిక
తెలుగులో కష్టాన్ని చెప్పే జాతీయాలు అనేకం దేహం చుట్టూ అల్లుకున్నవే. రెక్కలు ముక్కలు చేసుకోవడం, ఒళ్ళు హూనం కావడం, నడుము విరిగేలా పనిచేయడం అంటాం. వీటిని వాడేటప్పుడు వక్త గాని శ్రోత గాని నిజమైన గాయాన్ని ఊహించరు. అయితే బస్తాలు మోసే హమాలీకి నిజంగానే నడుము దెబ్బతిన్నప్పుడు అతనికి మిగిలే మాట కూడా అదే. జాతీయంగా అరిగిపోయిన మాట సాక్ష్యంగా నిలవడం కష్టం. సమస్య ఇక్కడే మొదలవుతుంది.

2. 'ప్రమాదం' - పదం మోసుకొచ్చిన నింద
1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం ప్రకారం ఉద్యోగం కారణంగా, ఉద్యోగ కాలంలో, 'యాక్సిడెంట్' వల్ల గాయం కలగాలి. ఈ మాటను మనం 'ప్రమాదం' అంటున్నాం. సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు, అజాగ్రత్త. ఆధునిక తెలుగులో అపాయం, దుర్ఘటన అనే అర్థాలు స్థిరపడినా, పాత అర్థపు నీడ పోలేదు. 'ప్రమాదమెలా జరిగింది?' అన్న ప్రశ్నలో 'నువ్వేం చేశావు?' అన్న ధ్వని వినిపిస్తూనే ఉంటుంది. చట్టం మాత్రం అలా చూడదు. మద్యం మత్తు, భద్రతా నియమాలను బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం వంటి కారణాలకే మినహాయింపులున్నాయి. మరణం గాని, శాశ్వత సంపూర్ణ వైకల్యం గాని సంభవిస్తే ఆ మినహాయింపులూ వర్తించవు. కేవలం ఏమరుపాటు పరిహారానికి అడ్డు కాదు. అంటే చట్టం వదిలిన నిందను మన అనువాదపదం నిలుపుకొంది.

అతిశ్రమ ప్రమాదమవుతుందా అన్న ప్రశ్న పాతదే. ఇంగ్లండులో 1903 నాటి ఫెంటన్ వర్సెస్ థోర్లీ వ్యాజ్యంలో, బిగుసుకుపోయిన చక్రాన్ని బలంగా తిప్పబోయిన కార్మికుడికి లోపల చీలిక ఏర్పడింది. అతడు కావాలనే బలం ప్రయోగించాడు కాబట్టి అది ప్రమాదం కాదన్న వాదాన్ని హౌస్ ఆఫ్ లార్డ్స్ తిరస్కరించింది. బలం ఉద్దేశించినదే గాని, గాయం ఉద్దేశించినది కాదు. ఈ వివేచన చాలా విలువైనది. అయినా అక్కడ ఒక చక్రం, ఒక క్షణం ఉన్నాయి. ఇరవై ఏళ్ళ మోతతో అరిగిన వెన్నుకు ఏ తేదీ వేయాలి? సిలికోసిస్ వంటి వృత్తిరోగాలను చట్టం మూడవ షెడ్యూలులో చేర్చింది. బరువుల మోత వల్ల వచ్చే నడుమునొప్పికి అందులో ప్రత్యేకస్థానం లేదు.

3. 'పరిహారం' - వెలకట్టడం
పరిహారమంటే తొలగించడం. దోషపరిహారంలో దోషం పోతుందన్న నమ్మకముంది. నష్టపరిహారంలో నష్టం పోదు. దానికి లెక్క మాత్రం కుదురుతుంది. మొదటి షెడ్యూలు బొటనవేలు పోతే సంపాదనశక్తిలో 30 శాతం నష్టమని నిర్ణయించింది. శాశ్వత సంపూర్ణ వైకల్యానికి నెలవేతనంలో 60 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన గుణకంతో హెచ్చిస్తారు.

'మహాప్రస్థానం' (1950)లోని 'ప్రతిజ్ఞ' ఈ లెక్కకు పూర్తిగా ఎదురు నిలుస్తుంది. కష్టజీవి చెమటకు వెలకట్టగలవారు లేరన్నది ఆ గేయంలోని ప్రధానభావాలలో ఒకటి. విమర్శకులు దీనిని శ్రమకీర్తనగా చదివారు. అది సరైనదే, కాని అసంపూర్ణం. వెలలేనిదన్న మాట శ్రమను ఎంత ఎత్తుకు తీసుకెళ్ళినా, పరిహారం కోరి కమిషనరు ఎదుట నిలిచిన కార్మికునికి అక్కరకు రాదు. అక్కడ అతడు వెల అడగక తప్పదు. మరొకవైపు, షెడ్యూలు అంకెలు చాలవని చెప్పడానికి కావలసిన నైతికబలం ఆ గేయంలోనే ఉంది. ఎడమచేయి పోయిన వడ్రంగికి నష్టం 100 శాతమని సుప్రీంకోర్టు 1975లో అంగీకరించింది. ఒంటిచేత్తో వడ్రంగం సాగదు కాబట్టి, అవయవాన్ని కాక అతని పనిని చూసింది. కవిత్వం చెప్పిన విలువకు న్యాయం దగ్గరగా వచ్చిన సందర్భమిది. అయితే అక్కడ పోయిన చేయి కంటికి కనిపిస్తుంది. అరిగిన వెన్ను కనిపించదు.

4. ముగింపు
1923 చట్టం స్థానంలో 2020 నాటి సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. చట్టం మారినా, గాయాన్ని మాటలలో పెట్టవలసిన భారం కార్మికునిదే. షెడ్యూలులో లేని గాయానికి వైద్యుని అంచనా ఆధారం. ఆ అంచనా కార్మికుడు తన నొప్పిని వివరించడంతోనే మొదలవుతుంది. బెణకడం, పట్టేయడం, గూడ జారడం, నరం లాగడం వేర్వేరు అనుభవాలు. వాటిని 'ఒళ్ళు నొప్పులు' అన్న ఒక్కమాటలో కలిపితే కేసు అక్కడే బలహీనపడుతుంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశం శ్రామికుల పలుకుబడికి శాస్త్రగౌరవం తెచ్చింది. పనిముట్లకు, పద్ధతులకు చేసిన ఆ సేకరణ, పనిచేసే దేహపు బాధలకూ విస్తరించాలి. హమాలీలు, గనికార్మికులు, భవననిర్మాణ కూలీలు తమ నొప్పిని ఏ మాటలతో వేరుచేసి చెబుతారో నమోదు చేయడం తెలుగు పరిశోధకులు చేయగల పని. సాహిత్యవిమర్శ కూడా చెమటను ప్రతీకగా చూడడంతో ఆగక, ఆ చెమట వెనుక నలిగిన వెన్నును చదవడం అలవరచుకోవాలి.