దారముతో గడ్డి కోసే యంత్రం: గుణదోష పరిశీలన

పచ్చికను సమంగా కత్తిరించే చక్రాల యంత్రాన్ని 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతంలో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన రూపొందించాడు. ఉన్నిగుడ్డపై లేచిన నూగును కత్తిరించే మిల్లు యంత్రం ఆయనకు మార్గం చూపినది. బడ్డింగ్ యంత్రం మైదానాన్ని తివాచీవలె చేసినది గాని, ఒక లోటు మాత్రం మిగిలిపోయినది. గోడ మొదట, కంచె కింద, కాలిబాట అంచున, చెట్టు చుట్టూ దాని చక్రాలు పోలేవు. అక్కడి గడ్డిని వంగి కూర్చుండి చేతి కత్తెరతోనో కొడవలితోనో కోయవలసి వచ్చేది.

ఈ లోటును తీర్చినవాడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు హూస్టన్ నగరవాసి జార్జి బల్లాస్. 1971లో ఆయన మోటారు కార్లను యంత్రంతో కడిగే చోట గిరగిర తిరిగే కుచ్చులను గమనించాడు. ఆ కుచ్చులు కారు సందుగొందులన్నింటినీ తుడుస్తున్నవి గాని, రంగును గీరడం లేదు. చెట్ల బెరడుకు దెబ్బ తగలకుండా చుట్టూ ఉన్న గడ్డిని ఇట్లే కోయరాదా అని ఆయనకు తోచినది. మొక్కజొన్న పేలాల డబ్బా ఒకటి తీసుకొని, దానికి చేపలు పట్టే నైలాన్ దారపు ముక్కలు కట్టి, అంచులు కోసే యంత్రానికి బిగించి తిప్పి చూశాడు. గడ్డి తెగినది. 'వీడ్ ఈటర్' అన్న పేరుతో అది అంగళ్లకు వచ్చినది. స్ట్రింగ్ ట్రిమ్మర్ అని నేడు పిలువబడే సాధనానికి మూలం ఇదే.

ఈ యంత్రాన్ని కొన్నవారిలో కొందరు మెచ్చుకొంటారు, కొందరు విసుగుకొని మూల పడవేస్తారు. దీనికి కారణం చాలావరకు యంత్రంలో లేదు, ఎంపికలో ఉన్నది. మెత్తని దారం దేనిని కోయగలదు, దేనిని కోయలేదు అనే సంగతి భౌతికశాస్త్రం ముందే చెబుతున్నది. ఆ మాట వినకుండా ప్రకటనలోని అంకెలను చూసి కొనడమే పొరపాటు.

కొడవలితో కోసేటప్పుడు ఎడమచేయి గడ్డిని గుప్పిట పట్టి ఆపుతుంది. కత్తెరలో ఒక రేకుకు రెండవ రేకు ఆధారం. దారానికి అట్టి ఆధారమేదీ లేదు. పైగా పదును కూడ లేదు. గడ్డిపరకను నిలబెట్టి ఉంచేది దాని జడత్వం ఒక్కటే. పరక వంగి తప్పుకొనే లోపలనే దెబ్బ తగిలి తెగిపోవలెను. కనుక పదును చేయవలసిన పనిని ఇక్కడ వేగం చేస్తున్నది.

ఆ వేగం ఎంతో విద్యార్థులు లెక్క కట్టవచ్చును. దారపు కొన మధ్యబిందువు నుండి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదనీ, తల నిమిషానికి 7,000 సార్లు తిరుగుతున్నదనీ అనుకొందాము. ఒక చుట్టుకు కొన నడిచే దూరం 94 సెంటీమీటర్లు. సెకనుకు సుమారు 117 చుట్లు. అనగా కొన వేగం సెకనుకు 110 మీటర్లు. గంటకు దాదాపు 400 కిలోమీటర్లు!

మెత్తని దారం కడ్డీవలె బిగుసుకొని నిలవడానికి కారణం కూడ ఈ భ్రమణమే. 2.4 మిల్లీమీటర్ల వ్యాసం గల నైలాన్ దారం 10 సెంటీమీటర్ల ముక్క అర గ్రాము మాత్రమే తూగుతుంది. డబ్బా వ్యాసార్థం 5 సెంటీమీటర్లయితే, పై వేగంతో తిరిగేటప్పుడు ఆ ముక్క తన మొదలును సుమారు 28 న్యూటన్ల బలంతో లాగుతుంది. దాదాపు మూడు కిలోల బరువును ఆ దారానికి వేలాడదీసినట్లు! యంత్రం ఆగగానే అదే దారం వాలిపోతుంది.

ఈ మెత్తదనమే యంత్రపు మొదటి సుగుణం. గోడకు తగిలితే ఉక్కు కత్తి మొద్దుబారుతుంది, లేదా విరుగుతుంది. దారం కొన తెగి ఊరుకొంటుంది. తలను నేలకు మెల్లగా తట్టితే లోపలి చుట్ట నుండి కొత్త దారం వస్తుంది. కాలిబాట అంచును గీత గీసినట్లు తీర్చడానికి తలను పక్కకు తిప్పి, దారం నిలువుగా తిరిగేటట్లు పట్టుకొంటే చాలును. అంచుల పనికి ఇంతకంటె అనువైన సాధనం మరొకటి లేదు.

అయితే ఆ మెత్తదనమే దాని అవధి కూడ. పరక లేతగా, నీరు నిండి ఉన్నప్పుడు దెబ్బకు తెగుతుంది. కాడ లావై నార గట్టిపడినకొద్దీ దారం కాడను కోయలేక, తానే వంగి, అరిగి, తెగుతుంది. గరిక, తుంగ వంటివాటికి దారం చాలును. ముదిరిన రెల్లుదుబ్బులు, కర్రవలె గట్టిపడిన పొదలు దాని పని కాదు.

ఇక ప్రకటనల సంగతి. వాట్లు, వోల్టులు, గుర్రపు శక్తి పెద్ద అక్షరాలతో కనబడుతవి. వీటిలో వోల్టుల అంకె ఎక్కువగా భ్రమ పెడుతుంది. 18 వోల్టులు, 4 ఆంపియర్-గంటల బ్యాటరీలోను, 36 వోల్టులు, 2 ఆంపియర్-గంటల బ్యాటరీలోను ఉండే శక్తి ఒకటే: 72 వాట్-గంటలు. మోటారు 300 వాట్లు తీసుకొంటే ఈ రెండూ పావుగంటలోపే ఖాళీ అవుతవి. కాబట్టి అడగవలసినది వోల్టులు ఎన్ని అని కాదు. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణిస్తే ఎంత వస్తుంది అని.

"లావు దారం వేస్తే గట్టి గడ్డి తెగుతుంది" అనేది మరొక నమ్మకం. ఇందులో సగం నిజమున్నది. 1.6 మిల్లీమీటర్ల దారం స్థానంలో 2.4 మిల్లీమీటర్ల దారం వేస్తే దాని బరువు, తెగకుండా తట్టుకొనే బలం రెండుంపావు రెట్లవుతవి. కాని గాలిని చీల్చే అడ్డుకొలత కూడ ఒకటిన్నర రెట్లవుతుంది. చిన్న మోటారు ఆ భారాన్ని మోయలేక నెమ్మదిస్తుంది. వేగం తగ్గితే, వేగమే పదునుగా గల ఈ యంత్రానికి పదును పోయినట్లే. అందువలన తయారీదారు సూచించిన లావును దాటరాదు. తేలికపాటి విద్యుత్ యంత్రాలకు 1.6 లేక 2 మిల్లీమీటర్లు, బలమైన పెట్రోలు యంత్రాలకు 2.4 మొదలు 3 మిల్లీమీటర్ల వరకు వాడుకలో ఉన్నవి.

దారం పొడవు విషయంలో జరిగే తప్పు ఇంకా పెద్దది. కాపుగా అమర్చిన రేకుకు ఒక చిన్న కత్తి ఉంటుంది. అది దారాన్ని తగిన పొడవుకు తెంచుతుంది. ఎక్కువ వెడల్పు కోయవచ్చునని కొందరు ఈ రేకును ఊడదీస్తారు. గాలి నిరోధానికి ఖర్చయ్యే శక్తి, అదే భ్రమణ వేగం వద్ద, సుమారుగా వ్యాసార్థపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుంది. 15 సెంటీమీటర్ల దారాన్ని 18కి పొడిగిస్తే, కోత వెడల్పు అయిదవ వంతు పెరుగుతుంది; గాలికి వ్యర్థమయ్యే శక్తి రెట్టింపవుతుంది. మోటారు కాలిపోవడానికి ఇదొక రాచబాట. రేకు లేనందున రాళ్లు నేరుగా కాళ్ల మీదికి ఎగురుతవి.

దారపు ఆకారం కూడ చూడవలసినదే. గుండ్రని దారం నెమ్మదిగా అరుగుతుంది. గోడల పక్కన పనికి అది మంచిది. పలకల దారం అంచులతో చురుకుగా కోస్తుంది గాని త్వరగా మొద్దుబారుతుంది. మెలిదిప్పిన దారం రొద తగ్గిస్తుంది. నైలాన్‌కు తేమను పీల్చుకొనే గుణం కలదు. తేమ దానిని సాగే స్వభావం గలదిగా ఉంచుతుంది. ఎండకు ఆరి పెళుసైన దారం మాటిమాటికి తెగుతూ ఉంటే, కొంతకాలం నీటిలో నానవేయడం చౌకైన చికిత్స.

గట్టి గడ్డి కోసమే యంత్రం కావలసినవారు దారాన్ని వదలి, లోహపు కత్తి బిగించే బ్రష్ కట్టర్‌ను తీసుకోవలెను. తెలుగు జిల్లాల తోటలలో, పొలం గట్ల మీద భుజానికి పట్టీతో వేలాడుతూ కనిపించేవి సాధారణంగా ఇవే. వీటి గొట్టం తిన్నగా ఉంటుంది. చివర పళ్లచక్రాల పెట్టె ఉంటుంది. తేలిక రకం ట్రిమ్మర్లలో వంగిన గొట్టం గుండా తీగతాడు వంటి ఇరుసు తిరుగుతుంది. అట్టివాటికి కత్తి బిగించడం ప్రమాదకరం. దారం గోడకు లొంగుతుంది, కత్తి లొంగదు. బండకో మొద్దుకో తగిలితే యంత్రం మొత్తం ఎదురు తన్నుతుంది. గొలుసు ముక్కలు తగిలించిన తలలు మరీ ఘోరమైనవి. లంకె ఒకటి ఊడితే బందూకు గుండువలె పోతుంది. ఒకటికంటె ఎక్కువ లోహపు ముక్కలను లంకె వేసిన ఇట్టి తలల అమ్మకాన్ని నిషేధించవలసినదిగా 2012 జనవరిలో యూరోపియన్ కమిషన్ తన సభ్యదేశాలను ఆదేశించినది.

ఈ యంత్రంపై చేయవలసిన అతి ముఖ్యమైన విమర్శ చెట్లకు సంబంధించినది. చెట్ల బెరడును కాపాడడానికి పుట్టిన సాధనం లేత చెట్లకు శత్రువైనది. ముదురు మామిడి బెరడు దారం దెబ్బను సహిస్తుంది. రెండు మూడేండ్ల మొక్కకు బెరడు పలుచన. ఆకులలో తయారైన ఆహారాన్ని వేళ్లకు చేర్చే కణజాలం ఆ బెరడు లోపలనే ఉన్నది. దాని కిందనే కాండాన్ని లావు చేసే కాంబియం పొర. దారం చుట్టూ తగిలి ఈ పొరలను వలయంగా ఒలిస్తే వేళ్లకు ఆహారం అందదు. పైన ఆకులు కొంతకాలం పచ్చగానే ఉంటవి గనుక కారణం ఎవరికీ తోచదు. నెలల తర్వాత మొక్క చనిపోతే నీరు చాలలేదనో, చెదలు పట్టినదనో అనుకొంటారు. వన మహోత్సవంలో పిల్లలు నాటిన మొక్కలు గల పాఠశాలలలో ఇది గుర్తుంచుకోవలసిన విషయం. మొక్క మొదట మూరెడు మేర గడ్డిని చేతితో పెరికి, ఎండుటాకులు పరచితే దారానికి అక్కడ పనే ఉండదు.

పేరులో ఉన్న అతిశయోక్తిని కూడ గమనించవలెను. 'కలుపును తినేది' అన్న అర్థం వచ్చే పేరు పెట్టినా, ఈ యంత్రం కలుపును తినదు, తల మాత్రమే కొరుగుతుంది. గడ్డి పెరిగే స్థానం నేలకు ఆనుకొని ఉంటుంది. తుంగకు గడ్డలు భూమిలోనే ఉంటవి. పూతకు వచ్చిన వయ్యారిభామను దారంతో చితకగొడితే మొక్క మళ్లీ చిగురిస్తుంది. పుప్పొడి మాత్రం పనివాని ముక్కులోకి పోతుంది. అరిగిన దారమంతా సన్నని నైలాన్ తునకలుగా నేలలో మిగులుతుంది. అది గడ్డివలె మురిగేది కాదు.

చిన్న పెట్రోలు ఇంజన్లపై కూడ విమర్శ ఉన్నది. రెండు స్ట్రోకుల ఇంజనులో కాలని ఇంధనం కొంత పొగతోపాటే బయటికి పోతుంది. ఈ కారణంగా కాలిఫోర్నియా రాష్ట్రం కొత్తగా అమ్మే ఇట్టి చిన్న ఇంజన్లను క్రమంగా తొలగించడానికి 2021లో చట్టం చేసినది. చిన్న తోటకు బ్యాటరీ యంత్రం చాలును. విద్యుత్తు అందని పొలాలలో రోజంతా చేసే పనికి పెట్రోలు యంత్రానికి ఇంకా స్థానం ఉన్నది.

ఏ రకమైనా, సెకనుకు నూరు మీటర్లు పరుగెత్తే దారం ఎగురగొట్టే ఇసుకరేణువుకు కంటిని మించిన మెత్తని గురి లేదు. కళ్లద్దాలు, బూట్లు, మందమైన లాగు లేకుండా దీనిని పట్టరాదు. పనిచేసేటప్పుడు పిల్లలను దగ్గరకు రానీయరాదు.

కనుక కొనబోయేవారు మొదట అంగడికి గాక, తమ నేల వద్దకు పోవలెను. అంచులు ఎన్ని గజాలు, గడ్డి లేతదా ముదురుదా, రాళ్లు ఎన్ని, లేత మొక్కలు ఎన్ని అని చూడవలెను. అంచులే ఎక్కువైతే తేలిక యంత్రం, సన్నని గుండ్రని దారం. ముదురు గడ్డే ఎక్కువైతే తిన్నని గొట్టం, కత్తి, నేర్పు గల మనిషి. రెండూ కొద్దికొద్దిగా ఉంటే దారపు యంత్రానికి తోడు ఒక మంచి కొడవలి. దానికి బ్యాటరీ అక్కరలేదు. అది ఎక్కడ ఆగవలెనో పట్టిన చేతికి తెలుసును.