ఇంగ్లీషు రాకపోవడం ఎవరి లోపం?

ఇంగ్లీషు నేర్చుకోలేకపోయిన మనిషి గురించి మన దగ్గర మాటలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. శ్రద్ధ లేదు, బుర్ర లేదు, బిడియం ఎక్కువ, నలుగురిలో కలవదు. చివరి రెండూ ముఖ్యంగా ఆడవాళ్ల కోసం దాచిపెట్టినవి. స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్ల ప్రకటనలు కూడా ఇదే పాట పాడతాయి, మీ భయం మేం పోగొడతాం అని. ఆ భయం ఎవరు పెట్టారన్నది మాత్రం ఏ ప్రకటనలోనూ ఉండదు.

భాష నేర్చుకోవడం మీద జరిగిన పరిశోధన చాలాకాలం ఈ ప్రకటనలకి మరీ దూరంలో ఏమీ లేదు. 1972లో గార్డ్‌నర్, లాంబర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు, మనిషి రెండో భాష నేర్చుకోవడానికి వెనక ఉండే ప్రేరణని రెండు రకాలుగా చెప్పారు. ఉద్యోగం లాంటి ప్రయోజనం కోసం నేర్చుకోవడం ఒకటి, ఆ భాష మాట్లాడేవాళ్లలో కలిసిపోవాలన్న కోరికతో నేర్చుకోవడం రెండోది. తర్వాత స్టీఫెన్ క్రాషెన్ వచ్చి ఆందోళన, ఆత్మవిశ్వాసం లేకపోవడం ఒక వడపోత గుడ్డలాగా అడ్డం పడి భాషని లోపలికి పోనివ్వవన్నాడు. వీటిలో నిజం లేదనను. కానీ చూపంతా నేర్చుకునే మనిషి లోపలికే. ఎదురుగా కూర్చుని వినాల్సిన మనిషి ఏం చేస్తున్నాడన్న ప్రశ్న ఈ సిద్ధాంతాల్లో పెద్దగా కనిపించదు.

ఆ ప్రశ్నని గట్టిగా వేసిన పుస్తకం బానీ నార్టన్ రాసిన ‘ఐడెంటిటీ అండ్ లాంగ్వేజ్ లెర్నింగ్’. 2000లో వచ్చింది, 2013లో రెండో కూర్పు వేశారు. దక్షిణాఫ్రికా నుంచి కెనడా వెళ్లి స్థిరపడ్డ నార్టన్, 1990, 91 సంవత్సరాల్లో ఒంటారియోలో అయిదుగురు వలస స్త్రీలతో కలిసి చేసిన పని ఇది. వలస వచ్చినవాళ్లకి ప్రభుత్వం పెట్టిన ఆరు నెలల ఇంగ్లీషు కోర్సు అయ్యాక, ఈ అయిదుగురూ బయట ఎక్కడ, ఎవరితో, ఎప్పుడు ఇంగ్లీషు మాట్లాడారో డైరీలు రాశారు. రాసినవి తెచ్చుకుని కలిసి కూర్చుని చదువుకున్నారు. పోలండ్ నుంచి ఈవా, కాటరీనా, అప్పటి చెకోస్లొవేకియా నుంచి మార్టీనా, వియత్నాం నుంచి మాయ్, పెరూ నుంచి ఫెలీసియా. పేర్లు రచయిత్రి మార్చి పెట్టినవి. అయిదుగురితో సిద్ధాంతం ఎలా చేస్తారని కొందరు మూతి విరిచారు. మన ఆడవాళ్ల వంటింటి డైరీలని కూడా సాహిత్యం కాదు, చరిత్ర కాదు అన్నవాళ్లే కదా ఎక్కువ, అందుకని నాకు ఆ అభ్యంతరం పెద్దగా పట్టింపు లేదు.

ఈవా ఒక ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లో పనికి చేరింది. అక్కడ ఇంగ్లీషు ధారాళంగా రాని మనిషి ఆమె ఒక్కతే. నేల తుడవడం, చెత్త బయట పడెయ్యడం, ఎవరితోనూ మాట్లాడక్కర్లేని పనులన్నీ ఆమెకి అప్పగించారు. చెత్త మోసేదానితో మాట్లాడేదేముంది అని వాళ్లు, మాట్లాడేవాళ్లు లేక మాట రాక చెత్త మోస్తూ ఈమె. ఒకసారి తోటి పనమ్మాయి టీవీలో వచ్చే బార్ట్ సింప్సన్ అనే కార్టూన్ బొమ్మ పేరెత్తితే ఈవాకి తెలియలేదు. అది కూడా తెలియదా అని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది. ఈవాకి తిరిగి ఏమనాలో తోచక ఊరుకుంది. ఇక్కడ ఈవాకి లోపించింది వ్యాకరణం కాదు. ఇంకొకరోజు ఒక కస్టమరు, టిప్పు ఎక్కువ రావాలని ఈ యాస పెట్టుకున్నావా అన్నాడు. యాస లేకపోతే ఇలాంటి మాటలు పడక్కర్లేదు కదా, అదే నాకూ కావాలి అనే అర్థంలో ఆమె చురుకుగా జవాబిచ్చింది. అప్పటికి నోరు వచ్చింది. కోపం కూడా భాష నేర్పుతుందని మన సంతల్లో కూరగాయలమ్మే ఆడవాళ్లని అడిగినా చెబుతారు.

నార్టన్ వాదన ఇక్కడే మొదలవుతుంది. ఈవాకి ప్రేరణ లేదంటే ఎవరూ నమ్మరు. ఇంగ్లీషు నేర్చుకోవాలన్న కోరిక అయిదుగురికీ దండిగా ఉంది. అయినా కొన్నిచోట్ల మౌనంగా ఉండిపోయారు, కొన్నిచోట్ల తరగతి వదిలేసి వచ్చేశారు. అందుకని ప్రేరణ అన్న మాట చాలదని, దాని పక్కన ‘పెట్టుబడి’ అన్న మాట పెట్టింది. ఫ్రెంచి సామాజికవేత్త బూర్‌ద్యూ ఆలోచనల నుంచి తెచ్చుకున్న మాట అది. మనిషి ఒక భాషలో కాలాన్ని, శ్రమని, తన ఉనికిని పెట్టుబడిగా పెడుతుంది. ప్రతిఫలంగా ఏదో గౌరవం, ఏదో వనరు దక్కుతుందనుకుంటుంది. ఎదుటివాళ్లు ఆమెని వినదగ్గ మనిషిగా లెక్కగట్టని చోట ఆ పెట్టుబడి మునిగిపోతుంది. మునిగిపోతుందని తెలిసినచోట ఆమె పెట్టదు. దాన్నే టీచర్లు అశ్రద్ధ అంటారు. వ్యాపారం వాసన వేసే మాటే, నాకంత ఇష్టం లేదు. కానీ లెక్క సరిగ్గా వేసిందనే చెప్పాలి.

మాయ్ సంగతి చూడండి. పగలంతా బట్టల ఫ్యాక్టరీలో పని చేసి సాయంత్రం ఇంగ్లీషు తరగతికి వెళ్తే, ఎవరి దేశం గురించి వాళ్లు చెప్పండి అంది టీచరు. ఒక మగ విద్యార్థి తన దేశం గురించి తరగతి సమయమంతా చెప్పుకున్నాడు. మాయ్ వింటూ కూర్చుంది. ఇలా రెండు మూడుసార్లయ్యాక మానేసింది. సాంస్కృతిక సంభాషణ అని ఇప్పుడు భాషా బోధనలో గొప్పగా చెప్పుకునే పద్ధతి అదే: అందరి సంస్కృతికీ చోటివ్వాలి, అందరూ పంచుకోవాలి. పంచుకునే సమయం ఎవరి గొంతుకి ఎంత దక్కిందో గడియారం పెట్టి చూసేవాళ్లు లేరు. పైగా తనని తాను ‘వియత్నాం’గా మాత్రమే చూపించుకోవాలని మాయ్ ఆ తరగతికి రాలేదు.

పుస్తకంలో అందరూ మెచ్చుకునే ఘట్టం మార్టీనాది. స్వదేశంలో నిర్మాణ రంగంలో చదువుకుని ఉద్యోగం చేసిన మనిషి, ముగ్గురు పిల్లల తల్లి. కెనడాలో ఫాస్ట్‌ఫుడ్ కొట్టు వంటగదిలో సాయం చేసే పని. తన బదులు మాట్లాడ్డానికి మొదట్లో పిల్లల్ని వెంటబెట్టుకుపోవాల్సొచ్చేది. ఇల్లు ఖాళీ చేస్తుంటే, ఏడాది అద్దె మొత్తం కట్టాలని ఇంటి యజమాని ఫోన్లో బెదిరించాడు. మార్టీనా గంట పైన అతనితో వాదించింది. ఆ గంటలో కాలాలు, క్రియలు ఏవీ గుర్తు రాలేదని డైరీలో రాసుకుంది. పిల్లలు నోరెళ్లబెట్టి విన్నారు. పనిచోట కూడా, తన మీద పెత్తనం చేసే టీనేజీ పిల్లలు తన పిల్లల వయసు వాళ్లే కదా అని లెక్క పెట్టకుండా మాట్లాడింది. తల్లి అన్న ఉనికి ఆమెకి మాట్లాడే హక్కునిచ్చిందంటుంది నార్టన్. ఈవా విషయంలో, సహోద్యోగులు ఆమెని పని బయట, సరదా పార్టీల్లో చూశాక వరస మారింది. వయసు, అందం, చలాకీతనం ఆమెకి అక్కడ పనికొచ్చాయి. తర్వాత నెమ్మదిగా తన యూరప్ జీవితం గురించి వాళ్లకి చెప్పే స్థాయికి వచ్చింది.

నాకు పేచీ ఇక్కడ. నార్టన్ దీన్ని గెలుపుగా చూపిస్తుంది. గెలుపే, కాదనను. కానీ ఆడదానికి మాట్లాడే హక్కు ఏ దారిన వచ్చిందో చూడండి. ఒకామెకి తల్లిగా, ఇంకొకామెకి ఆకర్షణీయమైన పడుచుపిల్లగా. పితృస్వామ్యం మనకి ముందే తెరిచి ఉంచిన రెండు కిటికీలు అవి. మార్టీనా ఇంటి అద్దె కోసం, పిల్లల కోసం గంటసేపు మాట్లాడగలిగింది. తన చదువుకి తగిన ఉద్యోగం కోసం అదే గంట ఎవరితోనైనా వాదించి ఉంటే ఎవరు వినేవారు? ఈ ప్రశ్న పుస్తకం అంచుదాకా వచ్చి ఆగిపోతుంది.

అదే చిక్కు మనందరికీ తెలిసిన ఒక సినిమాలో ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2012లో గౌరీ షిండే తీసిన ‘ఇంగ్లిష్ వింగ్లిష్’. శ్రీదేవి నటించిన శశి, పుణేలో లడ్డూలు చేసి అమ్ముకునే ఇల్లాలు. ఉచ్చారణ తప్పితే భర్త, కూతురు నవ్వుతారు. బడిలో టీచర్‌తో మాట్లాడ్డానికి తల్లి వస్తే కూతురికి సిగ్గు. పెళ్లి పనికి ముందుగా న్యూయార్క్ వెళ్లి, కాఫీ షాపులో ఆర్డరివ్వలేక అవమానపడి, నాలుగు వారాల ఇంగ్లీషు తరగతిలో చేరుతుంది. ఆ తరగతిలో ఫ్రెంచి వంటవాడు, పాకిస్తానీ టాక్సీ డ్రైవరు, మెక్సికో ఆయా, తమిళ ఇంజనీరు, చైనా అమ్మాయి. నార్టన్ తరగతి గదిలోంచి లేచొచ్చినట్టే ఉంటారు. ఆ సినిమా చూసి మన ఇళ్లలో ఎందరు ఏడ్చారో నాకు తెలుసు, నేనూ ఏడ్చాను.

ఏడుపు ఆగాక ఆలోచిస్తే రెండు విషయాలు మిగిలాయి. పరీక్ష రోజున కొడుకు లడ్డూలు పాడు చేస్తాడు, శశి పరీక్ష మానుకుని మళ్లీ లడ్డూలు చుడుతుంది. అమ్మకున్న కాలం అమ్మది కాదు, ఎవరి చెయ్యి తగిలినా ఒలికిపోతుంది. సినిమా దీన్ని ఉన్నదున్నట్టు చూపించింది, అంతవరకు మెచ్చుకోవాలి. రెండోది పెళ్లి విందులో ఆమె ఇంగ్లీషు ప్రసంగం. అది దేని గురించి? కుటుంబం గురించి, దాంపత్యంలో సమానత గురించి. ఇంగ్లీషులో మాట్లాడిన మొదటి రోజే ఇంటిని నిలబెట్టే మాటలు మాట్లాడింది కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. భర్త తలదించుకున్నాడు. ఇన్నాళ్లూ మరాఠీలోనో హిందీలోనో ఆమె అన్నవి అతను ఎందుకు వినలేదు? అతనికి అర్థం కాని భాష కాదే అది. శశికి లేనిది ఇంగ్లీషు కాదు, వినే మొగుడు.

నార్టన్ స్త్రీలకీ శశికీ తేడా అక్కడుంది. ఈవా పోలిష్‌లో నోరున్న మనిషి, సరిహద్దు దాటాక మూగదైంది. మనలో చాలామందికి సరిహద్దు దాటక్కర్లేదు. తెలుగులోనే నోరు నొక్కేసి, ఆ మీద ఇంగ్లీషు రావట్లేదని తరగతికి పంపుతారు. హెచ్-4 వీసా మీద అమెరికా వెళ్లిన తెలుగు భార్యల సంగతి దీనికి తలకిందులు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లు. కానీ ఆ వీసా మీద ఉద్యోగం చెయ్యడానికి వీల్లేదు, 2015లో వచ్చిన నియమంతో కొందరికి మాత్రం అనుమతి దొరికింది. భాష ఉంది, మాట్లాడే చోటు లేదు. ఏ ప్రేరణ సిద్ధాంతం వీళ్లకి జవాబు చెబుతుంది?

ఇక మన దగ్గరి మాధ్యమ వివాదం. 2019 నవంబర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడులన్నీ ఇంగ్లీషు మీడియం చెయ్యాలని ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్లో హైకోర్టు వాటిని కొట్టేసింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో అదే దారి పట్టింది. అమ్మభాష చచ్చిపోతుందని ఒక పక్క, మీ పిల్లలు కాన్వెంట్లలో చదివి మా పిల్లలకి అమ్మభాష నీతులా అని ఇంకొక పక్క. నేను ఈ రెండో ప్రశ్న పక్కనే ఉంటాను. 1854లోనే సావిత్రీబాయి ఫూలే తన కవితల పుస్తకంలో ఇంగ్లీషు నేర్చుకోమని శూద్రుల్ని పిలిచింది. అమ్మభాష అన్న మాటలో ఏ అమ్మ భాష ఉంది? మాదిగ అమ్మ మాట్లాడే తెలుగు, తాండూరు తెలుగు, శ్రీకాకుళం తెలుగు పాఠ్యపుస్తకంలోకి వచ్చాయా? సినిమాల్లో ఎన్ని ఏళ్లు అవి రౌడీకీ, పనిమనిషికీ పెట్టిన భాషలు! తాండూరు ప్రాంతపు నుడికారంతో రాసిన గోగు శ్యామల కథలు 2012లో ఇంగ్లీషు పుస్తకంగా వచ్చి ఎక్కడెక్కడి పాఠకులకో చేరాయి. ఆ ఇంగ్లీషు ఆ తెలుగుని చంపలేదు. తప్పుల తెలుగని ఎర్రసిరాతో దిద్దిన బడి చేసినంత హాని అయితే చెయ్యలేదు.

అయితే ఈ రెండు పక్షాల గొడవలోనూ తల్లి ఒక సంతకమే. కోర్టు తీర్పు తర్వాత ఏ మీడియం కావాలో తల్లిదండ్రుల చేత రాయించి తీసుకున్నారు. అంతకుముందే పిల్లల్ని బడికి పంపినందుకు ఏడాదికి 15,000 రూపాయలు తల్లి ఖాతాలో వేసే పథకం మొదలైంది. ఖాతా తల్లిది, పిల్లవాడి భవిష్యత్తు తల్లిది, హోంవర్కు తల్లిది. ఆ తల్లికి తన కోసం ఇంగ్లీషు కావాలా, కావాలంటే ఏ గంటలో నేర్చుకోవాలి, ఎవరు వంట చేస్తారు అని అడిగిన ఉత్తర్వు ఒక్కటీ నేను చూడలేదు. కొడుకుని ప్రైవేటు ఇంగ్లీషు బడికి, కూతుర్ని సర్కారు తెలుగు బడికి పంపిన ఇళ్లు మన ఊళ్లలో కొల్లలు. ఆ కూతుళ్లే ఇప్పుడు ఈ తల్లులు.

మన విశ్వవిద్యాలయాల ఇంగ్లీషు శాఖల్లో బోధన పద్ధతుల మీద సిద్ధాంత గ్రంథాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిలో విద్యార్థినులు ఎక్కువగా మార్కులుగానే కనిపిస్తారు. నార్టన్ చేసినట్టు పదిమంది తెలుగు స్త్రీల చేత డైరీలు రాయించే పని మన దగ్గర జరగాలి. జరిగితే ఒక్క మార్పు కోరతాను. నార్టన్ స్త్రీలు డైరీలు ఇంగ్లీషులో రాశారు, అది వాళ్లకి అభ్యాసం కూడా అని. మనవాళ్లని వాళ్ల తెలుగులోనే రాయనివ్వాలి. ఇంగ్లీషు దగ్గర తడబడ్డ రోజు ఏం జరిగిందో తడబడే భాషలో చెప్పమనడం న్యాయం కాదు.

ఆ పుస్తకంలో నాకు ఎక్కువ ఇష్టమైన మనిషి కాటరీనా. జీవశాస్త్రంలో ఎం.ఎ., పదిహేడేళ్లు టీచరు. కెనడాలో ఇంగ్లీషు తరగతిలో కూర్చుని, కంప్యూటర్ కోర్సు చెయ్యాలనుకుంటున్నానంటే, నీ ఇంగ్లీషు దానికి చాలదంది టీచరు. తనని ఒక వలస మనిషిగా మాత్రమే చూసిందని కాటరీనాకి ఒళ్లు మండింది. ఆమె పిల్లల కోసం మాట్లాడలేదు, ఎవరినీ మెప్పించనూ లేదు. మళ్లీ ఆ తరగతి గడప తొక్కలేదు. కంప్యూటర్ కోర్సు పెట్టిన అధికారిని స్వయంగా కలిసి ఒప్పించి చేరింది. కోర్సు పద్దెనిమిది నెలలు. పూర్తి చేసింది.