ఎత్తి పెట్టిన త్రిభుజము

రెండు త్రిభుజములలో రెండేసి భుజములును, వాని నడిమి కోణమును సమానములైనచో ఆ త్రిభుజములు సర్వసమానములని ఉన్నత పాఠశాల విద్యార్థులందరకును కంఠస్థమే. ఎందుచేత అని అడిగినచో, "ఒకదానిని ఎత్తి రెండవదానిపై పెట్టిన సరిగా సరిపోవును గదా!" అందురు. ఈ జవాబు బాలుర కల్పన గాదు. క్రీ.పూ. 300 ప్రాంతమున యూక్లిడ్ రచించిన 'ఎలిమెంట్స్' మొదటి భాగమున నాలుగవ ప్రతిపాదనకు ఇచ్చిన ఉపపత్తియే ఇది. ఆ మహాగ్రంథమున ఇది బలహీనమైన చోటని చెప్పక తప్పదు.

లోపమెక్కడ? యూక్లిడ్ ముందుగా ఒప్పుకొన్న అయిదు స్వీకృతములలో, పటమును చోటు మార్చవచ్చునని గాని, మార్చినపుడు దాని భుజకోణములు మారవని గాని లేదు. పైగా రెండవ ప్రతిపాదనలో, ఒక రేఖాఖండమంత పొడవును వేరొక బిందువు నుండి గీయుటకే ఆయన సమబాహు త్రిభుజమును, వృత్తములను గీసి ఎంతో శ్రమపడినాడు. ఒక్క గీత విషయమున ఇంత జాగ్రత్త వహించినవాడు నాలుగవ ప్రతిపాదన వచ్చునప్పటికి త్రిభుజమునే ఎత్తి పెట్టినాడు! ఎత్తుట సమ్మతమే యైనచో మునుపటి శ్రమ అనవసరము. కానిచో ఈ ఉపపత్తి నిలువదు.

యూక్లిడ్‌కును ఈ పద్ధతి అంతగా రుచించనట్లు తోచును. మూడు భుజముల సమానత్వమును గూర్చిన ఎనిమిదవ ప్రతిపాదనలో మరల వాడినాడు గాని, రెండు కోణములు, ఒక భుజము గల ఇరువదియారవ ప్రతిపాదనలో, సులువైనను, వాడలేదు. 1557లోనే ఫ్రెంచి గణితజ్ఞుడు పెల్తియే ఈ పద్ధతిని ఆక్షేపించెను. తుదకు 1899లో జర్మనీ దేశీయుడు హిల్బర్ట్, ఈ సందర్భమున మిగిలిన కోణములు సమానములగునన్నదానిని స్వీకృతముగానే గ్రహించి, మూడవ భుజముల సమానత్వమును దాని నుండి నిరూపించెను.

ఇది పండితుల తగవేనా? కాదు. "ఎత్తి పెట్టుట" మంత్రమైనచో, ఏ మూడు కొలతలు కలిసినను చాలునని విద్యార్థి భ్రమపడును. ఈ ప్రయోగము చేయించి చూడుడు. ఒక కిరణముపై 'ఆ' వద్ద 30 డిగ్రీల కోణము గీసి, రెండవ కిరణముపై 10 సెంటీమీటర్ల దూరమున 'క' బిందువును గుర్తింపుడు. 'క' కేంద్రముగా 6 సెంటీమీటర్ల వ్యాసార్ధముతో చాపము గీసినచో అది మొదటి కిరణమును రెండు చోట్ల ఖండించును. రెండు భుజములు, ఒక కోణము అవే. త్రిభుజములు మాత్రము రెండు! కోణము ఆ భుజముల నడుమ లేకపోవుటయే కారణము.

కాగితము కత్తిరించి చూపుట మంచిదే. అది నమ్మకము కలిగించును, ఊహకు దారి చూపును. దానిని ఉపపత్తి యని పిలువరాదు. "దీనిని మనము ఒప్పుకొనుచున్నాము, తక్కినవానిని దీనినుండి నిరూపింతుము" అని ఉపాధ్యాయుడు దాపరికము లేక చెప్పినచో, ఏది ఒప్పుకొన్నది, ఏది నిరూపించినది అను భేదము పిల్లలకు తెలియును. జ్యామితి నేర్పుటకు ముఖ్య ప్రయోజనము అదియే.