నోటిమాట దోషమా? - ఇంజీలు చర్చలో ఒక పొరపాటు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వంటి పట్టణాలలో క్రైస్తవ సోదరులతో దైవగ్రంథాల ప్రసక్తి వచ్చినప్పుడు కొందరు ముస్లిములు ఒక వాదం చేస్తుంటారు: "సువార్తలు మొదట నోటిమాటగా ప్రచారమై, తరువాత వ్రాయబడినవి. కాబట్టి అవి దైవవాణి కాజాలవు." ఈ వాదం వినడానికి బలంగా ఉన్నా పరిశీలనకు నిలువదు.

ఆ పట్టణాల మస్జిదులలోనే రంజాన్ రాత్రులు తరావీహ్ నమాజులో హాఫిజ్ ఒక్క పదం తప్పినా వెనుక నిలిచిన మరో హాఫిజ్ వెంటనే అందిస్తాడు. దివ్య ఖుర్ఆన్ వ్రాతలోనే గాక హృదయాలలోనూ భద్రపరచబడింది. యమామా యుద్ధంలో హాఫిజులు అమరులైనందుననే హజ్రత్ అబూబక్ర్ (రజి) గ్రంథ సంకలనానికి పూనుకొన్నారు. జైద్ బిన్ సాబిత్ (రజి) వ్రాతప్రతులతో పాటు కంఠస్థం చేసినవారి సాక్ష్యాన్నీ స్వీకరించారు. నోటిమాటే దోషమైతే ఆ నింద ఎవరికి తగులుతుంది?

అసలు భేదం మరొకచోట ఉంది. ఖుర్ఆన్ చెప్పే ఇంజీలు హజ్రత్ ఈసా (అలైహిస్సలాం)కు లభించిన వహీ. క్రైస్తవుల సువార్తలు ఆయనను గురించి ఇతరులు వ్రాసినవి. ప్రత్యక్షసాక్షులు అందించిన విషయాలను విచారించి వరుసగా వ్రాస్తున్నానని లూకా తన గ్రంథారంభంలోనే (1:1-4) తెలిపాడు. లేఖనమూ సంప్రదాయమూ ఒకే ఊటనుండి వచ్చినవని కథోలిక సంఘం 1965 నాటి వాటికన్ మహాసభలో ప్రకటించింది. ప్రొటెస్టెంటు సంఘాలు లేఖనమే తుది ప్రమాణమంటాయి. క్రైస్తవ విశ్వాసంలో దైవావిష్కరణ ప్రధానంగా ఈసా వ్యక్తిత్వమే. గ్రంథం దైవప్రేరణతో వ్రాసిన సాక్ష్యం.

కనుక సువార్తలను పోల్చవలసింది ఖుర్ఆన్‌తో కాదు, హదీసులతో. "ఇది నోటిమాటా?" అని ముహద్దిసులు త్రోసిపుచ్చలేదు. "ఎవరు ఎవరినుండి విన్నారు? వారు నమ్మదగినవారేనా?" అని ప్రశ్నించారు. లూకా సాక్షులను పేర్కొన్నాడే గాని వారి పేర్లు చెప్పలేదు. పరంపర గ్రంథంలో లేదు. ఆ పరంపరను విశ్వాసుల సంఘమే కాపాడిందని క్రైస్తవుల సమాధానం. చర్చ జరగవలసింది ఇక్కడ.

సిరిసిల్ల బట్టల అంగడిలో కొనడానికొక గజం, అమ్మడానికొక గజం పెట్టుకొన్న వర్తకుని ఎవరూ నమ్మరు. కొలతలలో మోసాన్ని తీవ్రంగా ఖండించి (83:1-3), గ్రంథప్రజలతో ఉత్తమరీతిలోనే వాదించమన్న (29:46) ఖుర్ఆన్‌ను నమ్మినవారికి వాదనలోనూ గజం ఒక్కటే ఉండాలి.