సింగపూరులో గూడూరు పేజీ

గూడూరులో ఒకరు ఫోను తీసి తెలుగు వికీపీడియాలో తమ ఊరి పేజీ తెరుస్తారు. పేజీని కూర్చే అసలు సర్వర్లు అమెరికాలో, వర్జీనియాలోనూ టెక్సస్‌లోనూ ఉన్నాయి. అడిగిన మాట మామూలుగా అంత దూరం పోదు. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ సింగపూరులో 2018లో మొదలుపెట్టిన కేంద్రమే జవాబిచ్చి పంపేస్తుంది. అక్కడ ముందు వరుసలో కూర్చున్నది వార్నిష్ అనే క్యాషింగ్ సాఫ్ట్‌వేరు. డెన్మార్క్‌కు చెందిన పౌల్ హెనింగ్ కాంప్ నార్వే పత్రిక వీజీ కోసం దాన్ని రూపొందించాడు, 2006లో విడుదలైంది. ఈ క్యాషుకూ గల్లాపెట్టెకూ చుట్టరికం లేదు. ఒకసారి వండినదాన్ని దాచి పదిమందికీ వడ్డించడం దీని పని.

దాచడం ఎవరికైనా చేతనవును. వచ్చిన ఇద్దరూ అడిగింది ఒకటేనా అని తేల్చడంలో ఉంది పనితనం. వార్నిష్ సైటు పేరునూ పేజీ చిరునామానూ కలిపి ఒక హాష్ తయారుచేస్తుంది. దాచిన ప్రతికి అదే తాళంచెవి. ‘గూడూరు’ మన కంటికి మూడక్షరాలే. యూనికోడ్‌లో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు కలిసి ఆరు సంకేతాలు. ఒక్కోదానికి మూడు బైట్లు. చిరునామాలో ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు గుర్తులు. వెరసి 54. పేరు పక్కన బ్రాకెట్టు ఉంటే ఒక బ్రౌజరు దాన్ని ఉన్నదున్నట్టు పంపుతుంది, మరొకటి సంకేతంగా మార్చి పంపుతుంది. అలా వదిలేస్తే ఒకే పేజీకి రెండు తాళంచెవులు. అందుకే తాళంచెవి చేయకముందే చిరునామాను ఒక తీరుకు దిద్దే చిన్న కోడును వికీమీడియా ఇంజనీర్లు రాసుకున్నారు. కుకీల దగ్గరా ఇదే జాగ్రత్త. లాగిన్ అయినవారి కుకీ కనిపిస్తే అసలు సర్వరు దాకా పోనిస్తారు. మిగతా చిల్లర కుకీలను పక్కన పెడతారు. లేకుంటే ప్రతి పాఠకుడూ కొత్తవాడే అవుతాడు.

ఇక వెతుకులాట. వార్నిష్ మొదట మెమరీలో చూస్తుంది. లేకపోతే వెనక డిస్కు మీద పేజీలు దాచే అపాచీ ట్రాఫిక్ సర్వరును అడుగుతుంది. కిరాణా కొట్టులో చేతికందే అర, వెనక గోడౌను అన్నమాట.

రెండుచోట్లా లేకపోతే? నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. లేని పేజీ కోసం ఒకే క్షణాన వెయ్యిమంది వచ్చారనుకోండి. వార్నిష్ ఖాళీ చోటొకటి తెరిచి, ‘తెస్తున్నాం’ అని గుర్తు పెట్టి, వెనక్కి ఒక్క అభ్యర్థననే పంపుతుంది. మిగతా వాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారు. వాళ్ల పని చూస్తున్న థ్రెడ్లను మాత్రం నిలబెట్టదు, వేరే పనికి వదిలేస్తుంది. పేజీ రాగానే అందరికీ పంచుతుంది. తీరా వచ్చింది ఒక్కరికే ఇవ్వాల్సిన పేజీ అయితే? పంచడానికి లేదు, ఒక్కొక్కరినే పంపితే క్యూ కదలదు. అందుకని ‘ఇది పంచేది కాదు’ అన్న సంగతినే కొంతకాలం దాచుకుని, తర్వాత వచ్చేవారిని ఆపకుండా లోపలికి పంపుతుంది. దాచకూడదన్న విషయాన్ని దాచుకోవడం! దీన్ని ఆలోచించినవాడికి దణ్ణం పెట్టాలి.

దాచినది పాతబడుతుంది కదా. ఎవరైనా పేజీ దిద్దగానే పాత ప్రతిని తీసేయమని అన్ని కేంద్రాలకూ కబురు వెళుతుంది. 2009 జూన్ 25న మైకేల్ జాక్సన్ మరణించినప్పుడు ఈ ఏర్పాటే మెడకు చుట్టుకుంది. దిద్దుబాటు మీద దిద్దుబాటు పడి ప్రతి తొలగిపోయినప్పుడల్లా, ఆ పెద్ద పేజీని బోలెడన్ని సర్వర్లు ఒక్కసారే కూర్చడం మొదలుపెట్టాయి. సైటు తూలింది. ఆ దెబ్బకు పుట్టిందే పూల్‌కౌంటర్: ఒకరు కూరుస్తుంటే మిగతావారు ఆగుతారు, ఆలస్యమైతే పాత ప్రతితో సరిపెట్టుకుంటారు.

కంప్యూటరులో వికీపీడియా పేజీ తెరిచి, బ్రౌజరు డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ భాగానికి వెళ్లి, ఆ పేజీ మీద నొక్కి, రెస్పాన్స్ హెడర్లు చూడండి. ‘ఎక్స్-క్యాష్’ వరుసలో సర్వరు పేరు సీపీ5తో మొదలైతే అది సింగపూరుది. పక్కన ‘హిట్’ అని ఉంటే అంతకుముందే ఎవరో ఆ పేజీ అడిగారు. ఆ ప్రతి ఎన్ని సెకన్ల నాటిదో ‘ఏజ్’ వరుసలో ఉంటుంది.