కొండను చూడటం, కొండకు మొక్కడం

నికొలస్ రోరిక్ వేసిన హిమాలయ చిత్రపు నకలు ఒకటి మా గది గోడ మీద చాలా ఏళ్లుగా ఉంది. నీలి శిఖరాలు, కింద ఊదారంగు నీడ, ఒక మూల ధ్యానంలో కూర్చున్న చిన్న మనిషి. వచ్చినవారంతా దాని ముందు కాసేపు ఆగుతారు. మేమూ ఆగేవాళ్లం. ఈమధ్య దాని మీద మాకు అనుమానం మొదలైంది.

రోరిక్ 1874లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పుట్టారు. మధ్య ఆసియా యాత్ర ముగించి 1928లో కులూ లోయలోని నగ్గర్‌లో స్థిరపడి, 1947లో అక్కడే కన్నుమూశారు. ఆయన మంచుకొండల్లో వేకువ వెలుగుకూ సాయంకాలపు వెలుగుకూ తేడా ఇట్టే తెలుస్తుంది. కొండల ఎదుట రోజుల తరబడి నిలబడిన కన్ను అది. మనుషులూ దేవతలూ లేని ఆయన చిన్న చిత్రాలంటే మాకిప్పటికీ ఇష్టమే. చిక్కల్లా పెద్ద చిత్రాలతోనే. అక్కడ కొండ కొండగా ఉండదు, ఏదో రహస్యలోకానికి గుమ్మమైపోతుంది. మనం తల వంచుతాం, చూడటం మానేస్తాం.

థేరగాథల్లో మహాకస్సపుడికీ కొండలంటే ఇష్టమే. వానకు తడిసిన బండలు, నెమళ్ల కూతలు తనకు ఆనందమిస్తాయంటాడు. కానీ ధమ్మాన్ని సరిగా చూసిన ఏకాగ్రచిత్తానికి కలిగే ఆనందం ఆయనకు వేరు. బండ ఆయనకు తోడు మాత్రమే. దాన్ని ఆయన ఏమీ అడగడు.

అలా ఏమీ అడగని చూపు మాకు బినోద్ బిహారి ముఖర్జీ చిత్రాల్లో కనబడింది. ఆయన బౌద్ధుడని కాదు. నందలాల్ బోస్ శిష్యుడు, శాంతినికేతన్ మనిషి. ఒక కన్ను పుట్టుకతోనే లేదు, రెండోదానికి చూపు బహు తక్కువ. ఆయన వెళ్లి కూర్చున్నది ఖోయాయిలో. బీర్భూమ్ ఎర్రనేలను వానలు కోసేయగా మిగిలిన గండ్లూ గుట్టలూ అవి. మొక్కదగినదేమీ లేదక్కడ. ఆ నేలను పొడవాటి చుట్టగా వేశారు. విప్పుతూ చూడాలి. కొత్త ముక్క తెరుచుకుంటుంటే చూసిన ముక్క చుట్టుకుపోతుంది. అనిత్యం గురించి మేం చదివిన ఎన్నో వ్యాసాలకంటే ఇది మాకు బాగా అర్థమైంది. తర్వాత ఆ ఉన్న చూపూ పోయింది. ఆయన కాగితాలు కత్తిరించారు, మైనంతో బొమ్మలు చేశారు, 1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో చిత్రం కూర్చారు.

మన సంజీవదేవ్ యౌవనంలో కులూలో రోరిక్ ఇంట ఉన్నవారే. రోరిక్ మీద ఆయనకున్న అభిమానం మాకు అంతగా లేదు. కానీ హిమాలయాలు తిరిగొచ్చి తుమ్మపూడిలో కూర్చుని రంగులు పట్టడం మాకు గొప్పగా తోస్తుంది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మన ఉపాసకుల్లో కొందరు సెలవు రోజున రంగులపెట్టె పట్టుకుని విశాఖ దగ్గరి తొట్లకొండకు వెళ్తున్నారు. మంచి అలవాటే. తెచ్చిన బొమ్మలు మాకు చూపిస్తారు. దాదాపు అన్నిటా స్తూపం, వెనక సూర్యుడు, చుట్టూ కాంతివలయం. తొట్లకొండ మీద లేని ఆ వలయం ఎక్కడిది? మా గోడ మీది బొమ్మలాంటి వాటి నుంచే అని మా అనుమానం. తప్పులో మాకూ వాటా ఉంది.

ఒక్క అమ్మాయి మాత్రం స్తూపం జోలికి పోలేదు. రాతిలో తొలిచిన నీళ్ల తొట్టి ఒకటి వేసింది. ఆ కొండకు పేరు వచ్చింది అలాంటి తొట్ల వల్లే. అడుగున పాచి, గట్టున ఓ మేక. పాచిరంగు కుదరలేదని నొచ్చుకుంది. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తుందట.