తొలి తెలుఁగు సువార్తల భాష

క్రైస్తవ మిషనరీల తెలుఁగును పరిహసించుట మన పండితులకుఁ జిరకాలముగా నలవాటు. ఆ భాషలో దోషములు లేవని నే ననను. కాని యవి యే స్థితిలోఁ బుట్టినవో విచారింపక తప్పులు మాత్రమే యెంచుట విమర్శనము గాదు.

లండను మిషనరీ సంఘమువారు పంపిన జార్జి క్రాను, అగస్టసు డెస్‌గ్రాంజెసు 1805 లో విశాఖపట్టణము చేరిరి. ఇంగ్లీషున వ్రాసిన తెలుఁగు వ్యాకరణ మప్పటి కచ్చుపడలేదు. కేరీ వ్యాకరణము 1814 లోను, క్యాంబెలుది 1816 లోను వెలువడినవి. బ్రౌను నిఘంటువు 1852 నాఁటిది. క్రైస్తవము పుచ్చుకొన్న ఆనందరాయరను బ్రాహ్మణుఁడు వారికిఁ దోడ్పడెను. క్రాను 1809 లో, డెస్‌గ్రాంజెసు 1810 లో మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు శ్రీరామపురమున నచ్చయినది 1812 లో. అచ్చుచిత్తులు దిద్దుకొనుటకైనను వా రిరువురును బ్రదికి లేరు!

ఆ మూఁటిలో యోహాను సువార్త లేదు. దానికిఁ బూనుకొన్నవారి చిక్కు వ్యాకరణముతోఁ దీరునది కాదు. అందలి తొలిపంక్తిలోని 'లోగోస్' అను గ్రీకు పదమునకు నేఁటి తెలుఁగు బైబిలు 'వాక్యము' అనుచున్నది. వ్యాకరణము చదివినవానికి వాక్యమనఁగాఁ గర్తృకర్మక్రియల కూర్పు. 'శబ్దము' అందమా, శబ్దబ్రహ్మవాదము వెంట వచ్చును. 'మాట' గంభీరము గాదని కాఁబోలు విడిచిరి. నామట్టునకు నదియే మేలు. మాట యిచ్చుట, మాట తప్పుట, మాట నిలుపుకొనుట యను పలుకుబడులలో నా పదమునకుఁ గలిగిన బరువును సామాన్యుఁడు పండితు నడుగకయే యెఱుఁగును.